ఒక మనిషి ఎన్ని గాలాలు వేయవచ్చు?

గట్టుమనిషి – శనివారం, రాత్రి 8:40

బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మా ఊరి చెరువు ఈసారి నిండుగా ఉంది. చెరువును లీజుకు తీసుకున్న మత్స్యకారుల సొసైటీ వారు గట్టు మీద బోర్డు పెట్టారు. సరదాకు గాలం వేసేవారు రోజువారీ రుసుము కట్టాలి, మనిషికి ఒక్క గాలమే, రెండోది వేస్తే రెండూ తీసేస్తామని రాశారు. దీని మీద నిన్న గట్టు మీద పెద్ద రగడ జరిగింది. నెల్లూరు నుంచి కార్లలో వచ్చేవారు మూడు నాలుగు రాడ్లు స్టాండ్లకు తగిలించి, కొసలకు చిన్న గంటలు కట్టి, చెట్టు నీడన కూర్చుంటారు. వారికి ఈ నియమం మింగుడు పడటం లేదు. డబ్బు కట్టాక ఎన్ని వేస్తే మీకెందుకు అని అడుగుతున్నారు.

నా మటుకు నాకు సొసైటీ చెప్పిందే సబబు అనిపిస్తోంది. గాలం వేయడమంటే బెండు మీద చూపు నిలిపి కూర్చోవడం. నాలుగు వేసి, గంట మోగేదాకా ఫోను చూసుకోవడం నీళ్లలో బుట్ట పెట్టి ఇంటికి వెళ్లిపోవడంతో సమానం. మీరేమంటారు? మీ వైపు చెరువుల్లో, జలాశయాల్లో ఏ పద్ధతి నడుస్తోంది?

పెన్నాతీరం – శనివారం, రాత్రి 9:25

గట్టుమనిషి తమ్ముడూ, నీ మాట కాదంటున్నందుకు ఏమీ అనుకోవద్దు. సంగం దిగువన, సోమశిల వైపు చాలా ఏళ్లుగా గాలం వేస్తున్నాను. బెండు వేట ఒక రకం, బొచ్చె వేట ఇంకో రకం. పరిగెలకు, జిలేబీ చేపలకు ఒక్క గాలం చాలు, రెండోది చూసుకునే తీరిక కూడా ఉండదు. బొచ్చె, రోహు అలా కాదు. వేరుశనగ చెక్క, తవుడు కలిపి ముద్ద వేసి గంటల తరబడి ఎదురుచూడాలి. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రోహు మధ్యలో తిరుగుతుంది, మోసు అడుగున బురద వెతుకుతుంది. ఆ పూట అవి ఏ లోతులో ఉన్నాయో ఒక్క గాలంతో ఎలా తెలుస్తుంది? ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి అడుగుకు వేస్తే తెలుస్తుంది. చేప ఎక్కడుందో తెలిశాక మిగిలిన రెండూ తీసేసేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు.

చేపలు ఎక్కువ పోతున్నాయన్నదే బాధ అయితే చేపలకే లెక్క పెట్టండి. మనిషికి రెండు చేపలు, మూడు చేపలు అని రాయండి. మూడు గాలాలు వేసి ఒక్క చేపా పడని రోజులే ఎక్కువ. గాలాల మీద ఆంక్ష పెడితే శిక్ష ఓపికగా కూర్చునేవాడికి పడుతుంది, సంచులు నింపుకునేవాడు ఎలాగూ ఇంకో దారి చూసుకుంటాడు.

సొసైటీసభ్యుడు – శనివారం, రాత్రి 10:05

నేను ఆ చెరువు సొసైటీలో లేను, కోవూరు వైపు వేరే సొసైటీలో ఉన్నాను. మా దగ్గరా ఇదే గొడవ కాబట్టి చెబుతున్నాను.

బొచ్చె, రోహు, మోసు మన చెరువుల్లో వాటంతట అవి పుట్టి పెరిగేవి కావు. అవి వరద పారే నీటిలోనే గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి ద్రావణం ఎక్కించి వీటి చేత గుడ్లు పెట్టించాక హేచరీల దారి తెరుచుకుంది. అంటే చెరువులో ఉన్న ప్రతి బొచ్చె వెనుకా ఎవరో కొని వదిలిన వేలెడు పిల్ల ఉంది. లీజు మేమే కడతాం, పిల్లలనూ మేమే వదులుతాం, రాత్రుళ్లు కాపలా కూడా మాదే. వానలు వెళ్లి, పొలాలకు నీళ్లు తీసి, చెరువు తగ్గాక గానీ మా వల దిగదు. ఆ మధ్య నెలల్లో ఐసు పెట్టెలతో వచ్చి ఐదేసి రాడ్లు వేసేవారిని చూస్తే మాకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

పెన్నాతీరం అన్న చేపలకు లెక్క పెట్టమన్నారు. వినడానికి బాగుంది. మా చెరువు గట్టు చుట్టి రావడానికి కాపలా మనిషికి ఒక పూట పడుతుంది. అతను ప్రతి కారు డిక్కీ తెరిపించి చేపలు లెక్కపెట్టగలడా? పెద్దమనుషుల పెట్టెలో చెయ్యి పెడితే ఊరుకుంటారా? గాలాలైతే తూము దగ్గర నిలబడి చూసినా కనిపిస్తాయి. మేము గాలాల మీద నియమం పెట్టడానికి అసలు కారణం ఇదే. ఒకరికి ఎన్ని చేపలు పడ్డాయని ఎవరితోనూ తగాదా పడే ఓపిక మాకు లేదు.

బెండుచూపు – ఆదివారం, ఉదయం 6:50

సొసైటీసభ్యుడు గారు చెప్పింది నాకు కొత్తగా తోచింది. కంటికి కనిపించేదాన్నే కాపలా కాయగలం, నిజమే.

ఇంకో సంగతి చెప్పాలి. గట్టు మీద చోటు కూడా అందరిదీ. ఒక్కరు నాలుగు రాడ్లు పరిస్తే అటూ ఇటూ ఇరవై అడుగులు వారి సొంతమైపోతాయి. నిరుడు మా పక్కన ఒకాయన ఇలాగే వేసి టీ తాగడానికి వెళ్లారు. ఆయన గాలానికి బొచ్చె పడింది. రీలు బిగించి ఉండటంతో దారం వదలలేదు, రాడ్డు స్టాండు మీద నుంచి లేచి నీళ్లలో పడింది. ఆ చేప రాడ్డును ఈడ్చుకుంటూ మా నాన్నగారి దారాన్ని, అవతలి పిల్లల దారాలను చుట్టుకుంటూ పోయింది. నీళ్లలోకి దిగి లాగితే దారాల చిక్కు ఒక్కటే చేతికి వచ్చింది. ఎవరి దారం ఏదో తెలియక అన్నీ కోసేశాం. చేప ఆ కొక్కెంతో, వెనుక వేలాడే దారంతో ఎటు పోయిందో. ఆ మిగిలిన పూట మాలో ఎవరూ గాలం వేయలేకపోయాం.

మిన్నెసోటాతెలుగు – ఆదివారం, ఉదయం 8:15

మాది ఆత్మకూరు. ఉద్యోగం కోసం అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఈ గొడవ ఇక్కడా ఎన్నో ఏళ్లుగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

మిన్నెసోటాలో దశాబ్దాలుగా ఉన్న సాధారణ నియమం ఏమిటంటే, మామూలు రోజుల్లో మనిషికి ఒక్క గాలం. చలికాలంలో సరస్సులు గడ్డకట్టాక మంచుకు రంధ్రం చేసి వేస్తే రెండు. సరిహద్దు దాటి విస్కాన్సిన్ వెళితే మూడు వేయవచ్చు. రెండు రాష్ట్రాల చేపలూ ఒకటే, సరస్సులూ ఒకేలా ఉంటాయి. అందుకే వాళ్లకు మూడు ఉండగా మాకు ఒక్కటేనా అని ఇక్కడివారు అడుగుతుంటారు. వారు చూపే కారణం కూడా పెన్నాతీరం గారికి తెలిసిందే. రోజుకు ఎన్ని చేపలు తీసుకెళ్లవచ్చో ఇక్కడ విడిగా పరిమితి ఉంది, తనిఖీ చేసే అధికారులకు పెట్టె తెరిపించే అధికారం ఉంది. చేపల పరిమితి ఉండగా గాలాల పరిమితి ఎందుకన్నది వారి వాదన. పరిమితి నిండాక పడినవాటిని వదిలేస్తే, వాటిలో చచ్చేవాటి మాట ఏమిటన్నది రెండో పక్షం వాదన.

కాలిఫోర్నియాలో రెండో రాడ్డుకు విడిగా రుసుము కట్టించుకుంటారు. ఇంగ్లండులో మామూలు మంచినీటి చేపలకు రెండు రాడ్ల లైసెన్సు, మూడు రాడ్ల లైసెన్సు వేర్వేరుగా ఉన్నాయి. అదే నదుల్లో సాల్మన్ చేపకు మాత్రం ఒక్క రాడ్డే. సంఖ్య చేపను బట్టి మారుతోంది చూడండి. మన చెరువుల్లో చేపల పరిమితిని తనిఖీ చేసేవారే లేరు కాబట్టి ఇక్కడి వాదనలను ఉన్నవి ఉన్నట్టు అక్కడికి తెచ్చి పెట్టలేం.

కొరమీనువేట – ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇంతసేపూ బొచ్చె, రోహు గురించే మాట్లాడుతున్నారు. వాటిని ఎవరో వదులుతారు, తగ్గితే మళ్లీ వదులుతారు. చెరువులో తనంతట తాను పుట్టి పెరిగే కొరమీను సంగతి ఎవరు చూస్తారు?

కొరమీనుకు కప్పపిల్లనో చిన్న చేపనో గుచ్చి, గడ్డి అంచున నాలుగైదు గాలాలు పాతి వెళ్లిపోతారు. చేప ఎరను పట్టుకున్న క్షణంలో మనిషి అక్కడ ఉండడు. వచ్చి చూసేసరికి పూర్తిగా మింగి ఉంటుంది. అలా మింగిన చేప నోరు తెరిచి చూడండి. దారం నాలుక మీదుగా నేరుగా గొంతులోకి దిగి ఉంటుంది, కొక్కెం ఎక్కడుందో కనిపించదు. లాగితే మొప్పల సందుల్లో నుంచి నెత్తురు నురగలా వస్తుంది. జానెడు పిల్ల అయినా, గుడ్లతో ఉన్నదైనా ఇక వదిలి లాభం లేదు. కొరమీను గాలి పీల్చగలదు, గట్టు మీద గంటల తరబడి కదులుతూనే ఉంటుంది. అందుకే బతికే ఉంది కదా, వదిలేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చిరిగిన గొంతుతో అది ఎరను ఎలా మింగుతుంది? చేతిలో గాలం ఉండి, లాగిన వెంటనే గుంజితే కొక్కెం పెదవికే తగులుతుంది. చిన్నదైతే తీసి వదలవచ్చు.

ఇంకొకటి. వానలు పడ్డాక గడ్డిలో ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి వచ్చి గాలి పీలుస్తూ బుడగలు లేపుతుంటాయి. కింద పెద్ద కొరమీను కాపలా ఉంటుంది. ఆ గుంపు మీదికి ఏది వచ్చినా కరుస్తుంది. ఆకలితో కాదు, పిల్లల కోసం. ఆ సంగతి తెలిసి గుంపు చుట్టూ గాలాలు వేసేవారిని చూశాను. పెద్దది పోతే ఆ పిల్లల గుంపును మిగతా చేపలు ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఒక్క గాలంతో కూడా చేయకండి.

పెన్నాతీరం – ఆదివారం, సాయంత్రం 4:10

కొరమీనువేట చెప్పినదానితో నాకు పేచీ లేదు. గాలం పాతి వెళ్లిపోవడం నాకూ నచ్చదు. కొరమీనుకు ఒక్కటే అంటే సంతకం పెడతాను.

బొచ్చె, రోహు విషయంలో మాత్రం నా మాట నాదే. మూడు రాడ్లూ నాలుగు అడుగుల లోపల పెట్టుకుని, పక్కనే కూర్చుంటే ఇబ్బంది ఏమిటి? మొన లోపలికి తిరిగిన కొక్కేలు దొరుకుతున్నాయి, సర్కిల్ హుక్ అని అడిగితే ఇస్తారు. చేప తనంతట తాను తిరిగి పోతుంటే నోటి మూలకు తగులుతుంది, గొంతులోకి దిగడం బాగా తక్కువ. దానికి గుంజకూడదు, దారం బిగిసేదాకా ఆగాలి. అప్పటికీ మింగితే లాగకుండా దారాన్ని నోటి దగ్గర కోసి వదలాలి, లాగినదానికంటే అలా వదిలినదే బతికే అవకాశం ఎక్కువ. బెండుచూపు చెప్పిన ఆయన రీలు వదులు చేసి ఉంటే రాడ్డు నీళ్లలో పడేది కాదు. తప్పు రాడ్లు ఎక్కువ ఉండటంలో లేదు, టీకి వెళ్లడంలో ఉంది.

ఒంగోలుగాలం – ఆదివారం, రాత్రి 7:45

ప్రకాశం జిల్లా నుంచి ఒక మాట. మేము ఎక్కువగా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయానికి వెళ్తాం. 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయి నిల్వ ఉన్న నీళ్లు సముద్రం పాలయ్యాయి. నీళ్లు పోయినప్పుడు చేపలు మిగిలిన మడుగుల్లో ఇరుక్కుంటాయి. అలాంటి చోట ఒక్క గాలం వేసినా ఎక్కువే. అదే కండలేరు, సోమశిల లాంటి చోట నీళ్లు నిండి ఉన్నప్పుడు ముగ్గురు మనుషులు తొమ్మిది రాడ్లు వేసినా ఆ నీటికి ఏమీ తెలియదు. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. ఊరి చెరువుకు, వాటికి ఒకే నియమం ఎలా అతుకుతుంది?

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువులు నిండుతాయి, మే నెలకు అడుగంటుతాయి. నా లెక్కలో నియమం నీటి మట్టాన్ని బట్టి మారాలి. తూము గట్టు దగ్గర గుర్తు కర్ర ఒకటి ఉంచి, నీళ్లు దాని పైన ఉంటే రెండు గాలాలు, కింద ఉంటే ఒకటి, అడుగంటితే అసలు వద్దు అని పెట్టవచ్చు. కర్ర కూడా దూరం నుంచే కనిపిస్తుంది కదా, సొసైటీసభ్యుడు గారూ!

కాలువగట్టు – ఆదివారం, రాత్రి 9:30

నేను ముత్తుకూరు వైపు బడిలో పనిచేస్తాను. మా బడికి వచ్చే పిల్లల్లో యానాది కుటుంబాల వారు చాలామంది. ఈ చర్చలో వారి మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

కాలువల్లో, మడుగుల్లో సాయంత్రం ఒక పొడవాటి తాడుకు వరుసగా గాలాలు కట్టి, ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు వేసి, తెల్లవారకముందే తీస్తారు. జెల్లలు, ఇంగిలాయిలు, మలుగులు పడతాయి. కొన్ని ఇంటికి, మిగిలినవి ఊళ్లో అమ్మకానికి. తరాలుగా వారికి ఇదే బతుకుతెరువు. వలలు కొనే స్తోమత లేనివారికి గాలమే పనిముట్టు. ఒక్కొక్కరికి ఒక్క గాలం అని బోర్డు పెట్టినప్పుడు కారులో వచ్చినవారు వాదించి, రుసుము ఎక్కువ కట్టి రెండోది వేసుకుంటారు. ఆ తాడు పట్టుకుని వచ్చిన మనిషి మాత్రం వాదించడు, తాడు లాక్కుంటే తల వంచుకుని వెళ్లిపోతాడు. నేను కళ్లారా చూశాను. నియమం రాసేటప్పుడు సరదాకు వేసేవారికి అని పెద్ద అక్షరాలతో రాయండి. పొట్ట కోసం వేసేవారి సంగతి వారిని కూర్చోబెట్టి మాట్లాడి తేల్చండి.

సొసైటీసభ్యుడు – ఆదివారం, రాత్రి 10:20

కాలువగట్టు గారూ, మా దగ్గర వారి తాడు ఎవరూ తీయరు. పొర్లుకట్ట వెనుక కాలువ మా లీజులోకి రాదు, అక్కడ ఎప్పటి నుంచో వారే వేస్తున్నారు. అయితే అది మాట మీద నడుస్తోంది, కాగితం మీద లేదు. రేపు కమిటీ మారితే ఏమవుతుందో చెప్పలేను. మీరు చెప్పినట్టు రాసి పెట్టాల్సిన విషయమే.

ఒంగోలు అన్నా, కర్ర ఆలోచన బాగుంది, కమిటీలో చెబుతాను.

తీగలపని – సోమవారం, ఉదయం 7:05

గాలాల సంఖ్య గురించి నాకు పట్టింపు లేదు. నేను కరెంటు పనిలో ఉన్నాను, ఒక్క హెచ్చరిక చేసి వెళ్తాను. ఇప్పుడు అందరూ కొంటున్న కార్బన్ రాడ్ల గుండా కరెంటు పారుతుంది. చెరువు గట్ల మీద మోటార్లకు వెళ్లే తీగలు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి. గంట మోగిందని ఒక రాడ్డు దగ్గర నుంచి ఇంకో రాడ్డు దగ్గరికి పరుగెత్తి, పైకి చూడకుండా గుంజేవారిని చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. తీగ తాకాల్సిన పని కూడా లేదు, బాగా దగ్గరికి వెళ్లినా చాలు. తీగల కింద కూర్చోకండి. పిల్లలను అసలు కూర్చోనివ్వకండి.

మైపాడుఅల – సోమవారం, మధ్యాహ్నం 12:40

సముద్రం వైపు నుంచి నేను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఒడ్డున గాలం వేసేవారి జోలికి ఎవరూ రారు. కృష్ణపట్నం ఉప్పుటేరులో, బకింగ్‌హాం కాలువలో పండుగప్ప కోసం వచ్చేవారు రెండు మూడు రాడ్లు వేయడం మామూలే. పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది. అంటే మనం ఫోటో దిగి మురిసిపోయే పెద్ద చేపలు దాదాపు అన్నీ గుడ్లు పెట్టే తల్లులే. నేనైతే గాలాల లెక్క కంటే ఆ పెద్దవాటిని వదిలే అలవాటు కోరుకుంటాను.

గాలాలు పెరిగితే తెగి మిగిలే దారమూ పెరుగుతుంది, అది కూడా చూడండి. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న నేలపట్టుకు వచ్చే గూడబాతులు మేత కోసం చుట్టుపక్కల చెరువులన్నీ తిరుగుతాయి. తుమ్మ కొమ్మకు చిక్కిన నైలాన్ దారం కాలికి చుట్టుకుంటే అంత పెద్ద పక్షి కూడా విడిపించుకోలేదు. తెగిన దారాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి, ముక్కలుగా కోసి పారేయండి.

గట్టుమనిషి – సోమవారం, సాయంత్రం 6:15

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ గట్టు మీద ఒకాయన, సొసైటీకి ఇలా నియమం పెట్టే హక్కే లేదు, చట్టంలో గాలాల సంఖ్య ఎక్కడా లేదు అన్నారు. ఎవరికైనా తెలుసా?

ఒంగోలుగాలం – సోమవారం, రాత్రి 7:00

1897 నాటి భారత మత్స్య చట్టంలో గాలాల సంఖ్య లేని మాట నిజం. నీళ్లలో పేలుడు పదార్థాలు వాడకూడదు, విషం కలపకూడదు అన్నవి అందులో స్పష్టంగా ఉన్నాయి. ఎంచుకున్న నీటి వనరులకు వలల రకం, కన్ను పరిమాణం, వేట ఆపే కాలం వంటి నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చారు. చట్టంలో సంఖ్య లేదంటే ఎన్నైనా వేయవచ్చని అర్థం కాదు. లీజు సొసైటీది, చేపలు వారివి. రుసుము కట్టి లోపలికి వెళ్లేటప్పుడు వారి షరతు ఒప్పుకునే వెళ్తున్నాం. ఆయనకు నచ్చకపోతే రుసుము కట్టకుండా ఇంకో చోటు చూసుకోవచ్చు.

సొసైటీసభ్యుడు – బుధవారం, రాత్రి 9:10

మా కమిటీలో మాట్లాడాం. తూము వైపు లోతు నీళ్లలో గుర్తు కర్ర మునిగి ఉన్నంతకాలం మనిషికి రెండు గాలాలు, గడ్డి వైపు ఎప్పుడూ ఒక్కటే, రాడ్డు వదిలి వెళ్తే తీసి పక్కన పెడతాం. కొరమీను పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయనివ్వం. పొర్లుకట్ట వెనుక కాలువకు ఈ నియమాలు వర్తించవని కూడా రాయించాను. మూడో గాలానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

పెన్నాతీరం – బుధవారం, రాత్రి 9:50

రెండుకు దిగాను గానీ మూడో గాలం అడగడం మానను. వేసవిలో కాదు, నిండు చెరువులో అడుగుతున్నాను. వచ్చే ఏడాది లీజు సమావేశానికి నేనే వచ్చి కమిటీ ముందు మాట్లాడతాను, తేదీ చెప్పండి.

కొరమీనువేట – బుధవారం, రాత్రి 10:15

గడ్డి వైపు ఎక్కడ మొదలవుతుందో బోర్డు మీద రాస్తే చాలదు. నీళ్లు తగ్గే కొద్దీ గడ్డి అంచు లోపలికి జరుగుతుంది. నెలకోసారి హద్దు కర్రలు మార్చి పాతండి. ఆదివారాలు నేను వచ్చి సాయం చేస్తాను.